థయోఎస్టరేజ్ వల్ల కణానికి ఏంటి లాభం?

ప్రశ్న:
బయోకెమిస్ట్రీ చదువుతూ ఒక దగ్గర ఇరుక్కుపోయాను. ఫ్యాటీ యాసిడ్‌కి (కొవ్వు ఆమ్లానికి) కోఎంజైమ్-ఎ (పొట్టిగా కోఎ) అనే సహాయక అణువుని తగిలించడానికి కణం తన శక్తి అణువైన ఏటీపీని, రెండు ఫాస్ఫేట్లు ఊడగొట్టి, ఏకంగా ఏఎంపీ దాకా తీసుకెళ్తుంది, అంటే లెక్కకి రెండు ఏటీపీల ఖర్చు. అంత పెట్టి కట్టిన థయోఎస్టర్ బంధాన్ని (ఆ రెండింటినీ సల్ఫర్ మీదుగా కలిపేది) ఈ ఎసైల్-కోఎ థయోఎస్టరేజ్ అనే ఎంజైమ్ వచ్చి నీళ్లతో తెంచేస్తుంది, మోలుకి దాదాపు 31 కిలోజౌళ్ల శక్తి ఊరికే పోతుంది, తిరిగి ఏటీపీ రాదు. మరి ఇది ఎందుకున్నట్టు?

జవాబు 1:
ఫ్యాటీ యాసిడ్ సంగతి వదిలేసి కోఎంజైమ్-ఎ సంగతి చూడండి. మైటోకాండ్రియాలో అది ఉండేదే కొద్దిగా. బీటా ఆక్సిడేషన్ (ఫ్యాటీ యాసిడ్లని ముక్కలుచేసి శక్తి తీసే పని) ఎక్కడైనా నెమ్మదిస్తే ఎసైల్ గొలుసులన్నీ (ఫ్యాటీ యాసిడ్ భాగాలు) దాన్ని పట్టుకుని కూర్చుంటాయి, అప్పుడు పైరువేట్‌ని క్రెబ్స్ సైకిల్ వైపు పంపే పైరువేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్‌కి కావాల్సిన ఖాళీ కోఎ దొరకదు, క్రెబ్స్ సైకిల్‌లో ఆల్ఫా-కీటోగ్లూటరేట్ స్టెప్పుకీ అదే గతి. థయోఎస్టరేజ్ దాన్ని విడిపిస్తుంది.

జవాబు 2:
ఇంకో చోట అయితే అది లేకపోతే పనే పూర్తికాదు. ఫ్యాటీ యాసిడ్లని తయారుచేసే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ ఎంజైమ్‌లో గొలుసు రెండేసి కార్బన్లు పెరుగుతూ 16కి చేరాక, థయోఎస్టరేజ్ భాగంలోని సెరీన్ అనే ఎమైనో ఆమ్లం దాన్ని తన మీదికి లాక్కుంటుంది, తర్వాత నీటి అణువు వచ్చి తెంచితేనే పామిటేట్ (16 కార్బన్ల ఫ్యాటీ యాసిడ్) బయటపడుతుంది. ఎక్కడ తెంచాలో కూడా ఎంజైమ్‌దే నిర్ణయం. కాలిఫోర్నియా బే చెట్టు ఎంజైమ్ 12 కార్బన్ల దగ్గరే తెంచుతుంది, ఆ జన్యువుని కనోలా అనే నూనెగింజల మొక్కలో పెడితే దాని నూనెలో లారేట్ (12 కార్బన్ల ఫ్యాటీ యాసిడ్) వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
సరే, అర్థమైంది. కానీ గోధుమరంగు కొవ్వులో (ఒంట్లో వేడి పుట్టించే రకం కొవ్వు) ఈ బంధాన్ని కట్టడం, తెంచడం అలా తిరుగుతూ ఉంటే వేడి పుడుతుందిగా, అక్కడ దాని పని అదేనేమో?

జవాబు 1:
నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఎలుకల్లో దెమ్-1 అనే థయోఎస్టరేజ్‌ని తీసేస్తే శక్తి ఖర్చు తగ్గలేదు, పెరిగింది! ఆ ఎంజైమ్ ఉన్నప్పుడు కొవ్వు కాలడాన్ని అదుపులో పెడుతోందన్నమాట.

జవాబు 3:
థయోఎస్టరేజ్ పనిని ల్యాబ్‌లో చూడాలంటే డీటీఎన్‌బీ అనే రసాయనం వేయండి, విడుదలైన కోఎలోని థయోల్‌తో (సల్ఫర్-హైడ్రోజన్ గుంపు) కలిసి పసుపు రంగు వస్తుంది, 412 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఎంజైమ్ బఫర్‌లో (ఎంజైమ్‌ని ఉంచే ద్రావణం) డీటీటీ అనే రసాయనం మాత్రం ఉండకూడదు. అదీ థయోలే. నాకు ఓసారి సబ్‌స్ట్రేట్ వేయకముందే ట్యూబులన్నీ పసుపు రంగుకి మారిపోయాయి, ఎంజైమ్ అదిరిపోయిందని రోజంతా సంబరపడ్డాను.