"స్టలు అండ్ క్వలు": ఆర్చ్‌బిషప్ వుల్ఫ్‌స్టన్ జంటమాటలు

ప్రశ్న:
పాత ఇంగ్లీషు గురించి చదువుతుంటే "స్టలు అండ్ క్వలు" అనే జంట కనిపించింది. దొంగతనాలు, చావులు అని అర్థమట. వెయ్యేళ్ల కిందటి వుల్ఫ్‌స్టన్ అనే ఆర్చ్‌బిషప్ ప్రసంగంలోదని రాశారు. ఇది పద్యమా, వచనమా? మన యతి, ప్రాసల్లాంటివి వాళ్లకీ ఉండేవా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
వచనమేనండి. కాకపోతే చర్చిలో నిలబడి గట్టిగా చదవడానికి రాసింది. ఆ వాక్యంలో ఇదొక్కటే జంట కాదు. ముందు "హెరె అండ్ హుంగెర్" వస్తుంది, అంటే శత్రుసేన, ఆకలి. వెంటనే "బ్రునె అండ్ బ్లోడ్‌గ్యుటె": మంటలు, నెత్తుటి ధారలు. ఆ తర్వాత మీరడిగిన జంట. దాని వెనక పశువుల తెగులు, జబ్బులు, పగ, ద్వేషం, దోపిడీ. ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. మొదటి రెండు జంటల్లో తొలి హల్లు కలిసింది, మూడోదాంట్లో చివర కలిసింది. ఒకే దరువు వినీ వినీ చెవి మొద్దుబారేలోపు ఆయన దాన్ని మార్చేస్తాడు. నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇది.

ఇక యతి సంగతి. పాత ఇంగ్లీషు పద్యంలో పాదం రెండు సగాలుగా ఉంటుంది. నొక్కి పలికే అక్షరాల తొలి హల్లు కలిసి ఆ రెండు సగాలనూ ముడివేస్తుంది. మనకు యతిలో హల్లుతోపాటు దాని మీది అచ్చుకూ మైత్రి కుదరాలి, వాళ్లకు హల్లు చాలు. అచ్చుల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. మనకు అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ మరో జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకో జట్టు. వాళ్లకు ఏ అచ్చు ఏ అచ్చుతోనైనా కలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం వాళ్లు మనకన్నా కచ్చితం. "స్ట" అనే సంయుక్తాక్షరం "స్ట"తోనే కలవాలి, ఉత్త "స" పనికిరాదు. వుల్ఫ్‌స్టన్ ఆ పద్యపు అలవాటును వచనంలోకి తెచ్చి, పాదాల లెక్క వదిలేసి, దరువును మాత్రం ఉంచుకున్నాడు.

ఆయన ఎప్పటివాడో తెలిస్తే ఆ దరువులోని తొందర అర్థమవుతుంది. 996లో లండన్ బిషప్. 1002లో యార్క్ ఆర్చ్‌బిషప్, దాంతోపాటే వూస్టర్ బిషప్ కూడా. అదే 1002 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని డేన్‌లను, అంటే డెన్మార్క్ జాతివాళ్లను చంపమని ఎథెల్‌రెడ్ రాజు ఆజ్ఞ ఇచ్చాడు. 1012లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఎల్‌ఫేహ్‌ను వైకింగ్‌లు, అంటే డెన్మార్క్ వైపునుంచి ఓడల్లో వచ్చిపడే దోపిడీదారులు, గ్రీనిచ్‌లో చంపారు. 1013లో డెన్మార్క్ రాజు స్వేన్ దేశాన్నే పట్టుకుంటే, ఎథెల్‌రెడ్ నార్మండీకి పారిపోయాడు. 1014 ఫిబ్రవరిలో స్వేన్ చనిపోయాక, ఇకనైనా సరిగ్గా పాలిస్తానంటేనే రమ్మని ఆ రాజును వెనక్కి పిలిచారు. ఈ ప్రసంగానికి ఒక రాతప్రతి ఇచ్చే ఏడాది కూడా 1014. "ఈ లోకం తొందరలో ఉంది, అంతానికి దగ్గరపడుతోంది" అని మొదలవుతుంది. వుల్ఫ్‌స్టన్ తన పేరులోని తోడేలు అర్థాన్ని తీసుకుని లాటిన్‌లో "లూపస్" అని కలంపేరు పెట్టుకున్నాడు. అందుకే దీన్ని ఆంగ్లేయులకు తోడేలు చేసిన ప్రసంగం అంటారు.

ఇంకో సభ్యుడి వ్యాఖ్య:
మంచి వివరణ, మాస్టారూ. కానీ ఒక సందేహం. ఊళ్లు తగలబెట్టినవాళ్లు వైకింగ్‌లైతే, ఈయన తిట్టింది సొంత జనాన్నే కదా? పైగా 1016లో స్వేన్ కొడుకు క్నూట్ రాజయ్యాక ఆయన కొలువులోనూ ఉన్నాడు. ఎవరు గద్దెనెక్కితే వాళ్లకు మాటలు అల్లిచ్చే మనిషి అనిపిస్తోంది.

జవాబు:
సొంత జనాన్ని తిట్టిన మాట నిజమేనండి. వైకింగ్‌లు దేవుడు వేసిన శిక్ష అని ఆయన నమ్మకం, కాబట్టి తప్పు ఇంట్లోనే వెతికాడు. కానీ ఆయన తిట్టినవాటిలో ఒకటి చూడండి: మనుషుల్ని అమ్మడం. తండ్రి బిడ్డను, బిడ్డ తల్లిని, అన్న తమ్ముణ్ణి పరాయివాళ్లకు అమ్ముకున్నారని అంటాడు. ఏ నేరమూ చేయని పేదల్ని దేశం దాటించి అమ్మేస్తున్నారని మండిపడతాడు.

ఇది ఆ ఒక్క రోజు ఆవేశం కాదు. ఎథెల్‌రెడ్ పేరుమీద 1008లో వచ్చిన చట్టాన్ని రాసింది వుల్ఫ్‌స్టనే. నేరం చేయని క్రైస్తవుల్ని దేశం బయట అమ్మకూడదని అందులో ఉంది. మరీ చిన్న తప్పులకు మరణశిక్ష వేయకూడదనీ ఉంది. క్నూట్ కాలంలో ఆయన రాసిన చట్టంలోనూ ఈ రెండూ మళ్లీ కనిపిస్తాయి. రాజు మారాడు, రాజవంశమే మారింది, ఈ నిషేధాలు మాత్రం నిలిచాయి. అవకాశవాది అయితే వాటిని మోసుకొచ్చే అవసరం ఏముంది? కొత్త రాజును పాత చట్టానికి కట్టేయడానికే కొలువులో ఉన్నాడని నా అభిప్రాయం.

ఇక్కడే మన గ్రూపుకి పనికొచ్చే విషయం ఉంది. దొంగతనాలు, దోపిడీలు అనే అర్థంలో "స్టల", "స్ట్రుడుంగ" జంట ప్రసంగంలో ఉంది, 1008 చట్టంలోనూ ఉంది. దురాశను, తిండియావను కలిపే "గిట్సుంగ", "గివెర్నెస్సె" జంట కూడా అంతే. "ఎయల్లెస్ టో", అంటే "మరీ మరీ" అనేది ఆయన ఊతపదం. ప్రసంగంలో సరే, క్నూట్ చట్టంలో మనుషుల అమ్మకాన్ని నిషేధించే వాక్యంలోకి కూడా అది దూరింది. చట్టాల మీద ఆయన సంతకం ఉండదు. ఈ జంటలూ ఊతపదాలూ చూసే పండితులు వాటిని ఆయనవని పోల్చుకున్నారు.

1020లో క్నూట్ తాను యుద్ధం గెలిచిన అసాండున్‌లో చర్చి కట్టిస్తే, దాన్ని ప్రతిష్ఠించింది వుల్ఫ్‌స్టన్. 1023 మే 28న యార్క్‌లో చనిపోయాడు, సమాధి ఈలీలో ఉంది.