డిమెన్షియా గురించి మెడికల్ విద్యార్థులకు ఎలా నేర్పాలి? ఇంట్లో చూసుకున్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఫైనలియర్ పిల్లలకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గిపోయే జబ్బు) క్లాసులు తీసుకోవాలి. అల్జీమర్స్, స్ట్రోక్ తర్వాత వచ్చే రకం, బి12 లోపం, థైరాయిడ్ లాంటి సరిచేయగల కారణాలు, ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. మన నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది పేషెంట్లను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం గురించీ చెబుతాను. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని అందులో తేలింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి వినిపించే ఊళ్లో పిల్లలకు అది ఇట్టే ఎక్కుతుంది.

కష్టమల్లా పేషెంటుతో, ఇంటివాళ్లతో మాట్లాడటం నేర్పడమే. బడికి వెళ్లని పెద్దావిడను 'వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ చెప్పండి' అని మతి పరీక్షగా అడిగితే, ఆమె తడబడేది జబ్బువల్లా, చదువు లేకా? 'వయసైపోయింది, మామూలే' అని కొడుకు కొట్టిపారేస్తే తర్వాత ఏం అడగాలి? 'రాత్రిళ్లు తలుపు తీసుకుని వెళ్లిపోతున్నారండీ' అని కోడలు ఆమె ఎదుటే చెబుతుంటే, ఆ పెద్దావిడ మర్యాద కాపాడటం ఎలా?

అమ్మనో, మామగారినో చూసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. మీకు మొదట ఏ మార్పు కనిపించింది? డాక్టర్ ఏం అడిగి ఉంటే బాగుండేది? పేషెంటును క్లాసుకు తీసుకురమ్మనడం నాకు సరిగా అనిపించట్లేదు. బదులుగా మీ అనుమతితో ఇద్దరు విద్యార్థులు ఇంటికొచ్చి ఒక పూట కూర్చుంటే మీకు ఇబ్బందా, ఊరటా?