దేవుని చిత్తమని నిశ్చయత కలగాలంటే ఇంకా ఏమి విడిచిపెట్టాలి?

ప్రశ్న

అందరికీ ప్రభువు నామమున వందనములు. ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు రావాలన్న భారం చాలాకాలంగా నా హృదయంలో ఉంది. అయితే ఇది దేవుని పిలుపేనా, లేక నా కోరికకే పిలుపు అని పేరు పెట్టుకున్నానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఉపవాసముండి ప్రార్థించాను, ఇష్టమైనవి మానుకున్నాను, దాచుకున్న డబ్బులో చాలా భాగం ఇచ్చివేశాను. ఒక్కొక్కటి విడిచిపెట్టినప్పుడల్లా ఈసారి తప్పక జవాబు వస్తుందని ఎదురుచూశాను కానీ రాలేదు. ఇక ఉద్యోగాన్నే వదిలేస్తే, ఆ త్యాగాన్ని చూసి అయినా దేవుడు తన చిత్తాన్ని స్పష్టం చేస్తాడేమో అనిపిస్తోంది. గిద్యోను గొఱ్ఱెబొచ్చు పెట్టి గుర్తు అడిగాడు కదా, నేను కూడా అలా అడగవచ్చా? నా తల్లిదండ్రులు వృద్ధులు, నా జీతం మీదే ఆధారపడి ఉన్నారు. వారితో ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

జవాబు 1

సహోదరా, వందనములు. న్యాయాధిపతులు 6వ అధ్యాయాన్ని మొదటినుండి నెమ్మదిగా చదవండి. గొఱ్ఱెబొచ్చు సంగతి 36వ వచనం దగ్గర మొదలవుతుంది, కానీ మిద్యానీయుల చేతిలోనుండి ఇశ్రాయేలీయులను రక్షించుమన్న ఆజ్ఞ 14వ వచనంలోనే గిద్యోనుకు అందింది. తాను ఏమి చేయాలో అతనికి అప్పటికే తెలుసు, లేనిది ధైర్యం మాత్రమే. రాత్రి మంచుకు బొచ్చు మాత్రమే తడిసి, నేల ఆరి ఉండాలని అతడు అడిగాడు; మొదటి ఉదయం బొచ్చును పిండితే పాత్ర నిండా నీళ్లు వచ్చినా అతని భయం తీరలేదు. మరుసటి రాత్రి బొచ్చు మాత్రమే ఆరి ఉండి, నేలంతా తడవాలని మళ్లీ అడిగాడు. దేవుడు అతని బలహీనతను సహించి రెండుసార్లూ జవాబిచ్చాడు గనుక గుర్తు అడగడమే పాపమని నేను అనను. అయితే ఒక గుర్తు దొరికిన తరువాత మనసు ఇంకొకటి కోరుతుందని అతని అనుభవమే చూపిస్తోంది, కాబట్టి మీకు కావలసిన నిశ్చయత ఆ మార్గంలో దొరుకుతుందని నాకు అనిపించడం లేదు.

జవాబు 2

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది గుర్తు విషయం కాదు, ఒక్కొక్కటి విడిచిపెడుతూ జవాబు కోసం ఎదురుచూశానన్న మాట. త్యాగం ఇక్కడ జవాబుకు చెల్లించే వెలగా మారుతోంది. యెషయా 58లో ప్రజలు అడిగినది ఇదే: మేము ఉపవాసముంటే నీవెందుకు చూడవు? దానికి దేవుడు ఇంకా కఠినమైన ఉపవాసం విధించలేదు; కాడి మోస్తున్నవారిని విడిపించమన్నాడు, ఆకలిగొన్నవారికి ఆహారం పంచిపెట్టమన్నాడు, మీ రక్తసంబంధులకు ముఖం తప్పించవద్దన్నాడు. ఈ చివరి మాటను మీ తల్లిదండ్రులను తలచుకుంటూ చదవమని వేడుకుంటున్నాను.

ఇశ్రాయేలీయులను యుద్ధంలో నడిపించిన యెఫ్తా విషయం కూడా ఆలోచించండి. న్యాయాధిపతులు 11:29 ప్రకారం యెహోవా ఆత్మ అతని మీదికి వచ్చాడు. అంతకన్నా నిశ్చయత ఏమి కావాలి? అయినా ఆ తరువాతి వచనాల్లోనే, విజయం ఇస్తే ఇంటి ద్వారంలోనుండి మొదట ఎదురువచ్చేదానిని దహనబలిగా అర్పిస్తానని, దేవుడు అడగని మొక్కుబడి చేసుకున్నాడు. తంబురలతో నాట్యం చేస్తూ ఎదురువచ్చినది అతని ఒక్కగానొక్క కుమార్తె. మొక్కినది తండ్రి, నష్టపోయినది ఆ అమ్మాయి. మార్కు 7లో యేసు ప్రభువు కొర్బాను ఆచారాన్ని ఖండించింది కూడా ఇందుకే: తల్లిదండ్రులకు అందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి వారికి ఏమీ చేయకుండా ఉండడాన్ని ఆయన భక్తిగా ఎంచలేదు. మీ జీతం ఆగిపోతే దాని భారం ఎవరి మీద పడుతుందో, వారిని అడగకుండా మీరు అర్పించగలిగినది కాదు ఇది.

జవాబు 3

పై సహోదరుని మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఈ సహోదరుని భారాన్ని చల్లార్చకూడదని కూడా మనవి చేస్తున్నాను. అబ్రాహాము ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడని హెబ్రీయులకు 11:8లో ఉంది. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు దేవుడు తమను అగ్నిగుండంలోనుండి రక్షించగలడని నమ్మారు, ఒకవేళ రక్షించకపోయినా బబులోను రాజు నిలబెట్టిన ప్రతిమకు నమస్కరించబోమని ఆ రాజుతోనే చెప్పారు. ఫలితం తెలియకపోయినా వారు నిలబడ్డారు. అన్ని సందేహాలూ తీరిన తరువాతే అడుగు వేయాలనుకుంటే ఎవరూ ఎన్నటికీ కదలరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. యెషయా 58 మళ్లీ చదివాను, తల్లిదండ్రుల విషయం నన్ను బలంగా తాకింది. ఒక్క సందేహం: పిలుపు నిజమైనదే అయితే, అందరి సమ్మతి కోసం ఆగడం అవిధేయత కాదా?

జవాబు 2

కాదని నమ్ముతున్నాను. అపొస్తలుల కార్యములు 16లో పౌలు ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరచాడు, బితూనియకు వెళ్లబోతే అక్కడికీ వెళ్లనివ్వలేదు. త్రోయలో రాత్రివేళ మాసిదోనియ మనిషి దర్శనం కలిగింది. దర్శనం చూసినది పౌలు ఒక్కడే, కానీ 10వ వచనంలో దేవుడు మమ్మును పిలిచాడని నిశ్చయించుకొన్నది ఆయన వెంట ఉన్నవారంతా కలిసి. పౌలువంటివానికే తోటివారితో కలిసి నిర్ణయించుకోవడం తక్కువతనం కాలేదు.

కనుక ఈ వారమే మీ తల్లిదండ్రులతో కూర్చుని అంతా చెప్పండి, వారి భయాలను పూర్తిగా వినండి. మీ సంఘ కాపరితోను, మిమ్మును పొగడకుండా నిజం చెప్పగల ఒకరిద్దరు పెద్దలతోను మాట్లాడండి. ఉద్యోగంలో ఉంటూనే సెలవు దినాలలో చేయగలిగిన సేవను ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ పనిలో మీరు నిలుస్తున్నారా, దానివలన ఇతరులకు మేలు కలుగుతోందా అన్నది మీకంటే ముందు వారికి కనబడుతుంది. అంతవరకు ఇంకేదీ విడిచిపెట్టవద్దు, ఎవరికీ రాజీనామా పత్రం ఇవ్వవద్దు. తల్లిదండ్రులతో మాట్లాడిన తరువాత వారు ఏమన్నారో ఇక్కడ వ్రాయండి, మేము ప్రార్థిస్తూ ఉంటాము.