పది బై పదకొండు గదికి స్పీకర్లు మార్చాలి: టవర్లా, చిన్నవా?

మియాపూర్ శ్రోత

అందరికీ నమస్కారం. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లడంతో ఫ్లాట్‌లో ఆమె గది ఖాళీ అయింది. పాటలు వినుకోవడానికి నాకిచ్చేశారు. పది బై పదకొండు అడుగులు, సీలింగు పది. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క గోడంతా వార్డ్‌రోబ్, దానికెదురుగా కిటికీ. ఇప్పుడున్నవి ఎప్పుడో మినీ సిస్టమ్‌తో పాటు వచ్చిన స్పీకర్లు. ఆంప్లిఫయర్ మాత్రం మంచిదే, ఛానెల్‌కి 40 వాట్లు. బడ్జెట్ నలభై వేలు, మరీ బాగుంటే యాభై. వినేది కర్ణాటక గాత్రం, వీణ, పాత సినిమా పాటలు, ఎనభైల నాటి ఇళయరాజా. మొన్న షోరూమ్‌లో టవర్ స్పీకర్లు (నేల మీద నిలబడే పొడుగువి) విన్నాను, గుండెల్లో మోగింది. అదే ధరకి చిన్నవి కూడా పెట్టారు గానీ టవర్ల ముందు వెలవెలబోయాయి. టవర్లే తెచ్చుకుంటే ఇబ్బందేమైనా ఉంటుందా?

వాల్తేరు వీణ

ఆ షోరూమ్ ఎంత ఉందండీ? అక్కడ ముప్పై అడుగుల హాలు ఉంటుంది, మీకున్నది పదకొండు. ఇంకోటి, రెండిటినీ ఒకే సౌండులో పెట్టారా? కాస్త ఎక్కువ మోగేదే ఎవరి చెవికైనా బాగుంటుంది. వాల్యూమ్ సమానం చేసి వినిపించమని అడగండి, సగం మాయ అక్కడే పోతుంది.

ఇక గది లెక్క. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. గది పొడవుకి సరిగ్గా రెట్టింపు ఉన్న తరంగం ఎదురెదురు గోడల మధ్య చిక్కుకుని నిలబడిపోతుంది. 11 అడుగులకి ఆ తరంగం 51 హెర్ట్జ్ (సెకనుకి 51 కంపనాలు), 10 అడుగులకి 56. మీ సీలింగు కూడా పదే కాబట్టి 56 దగ్గర రెండూ తోడవుతాయి. బేస్ గిటార్‌లో 'ఎ' తీగని ఖాళీగా మీటితే 55 హెర్ట్జ్. మీరేమో ఇళయరాజా అంటున్నారు. బేస్ గిటార్ ఆ స్వరం మీదకి వచ్చినప్పుడల్లా అదొక్కటే గుమ్మని లేస్తుంది, అటూ ఇటూ స్వరాలు మామూలుగానే ఉంటాయి. 35 హెర్ట్జ్ దాకా దిగే టవర్ తెస్తే ఆ మోతకి మేత వేసినట్టే.

ఐదంగుళాల వూఫర్ (బేస్ పలికే కోను) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్, అంటే మీరన్న చిన్నది, 60, 65 హెర్ట్జ్ దగ్గర నుంచి కిందికి తగ్గుతూ వస్తుంది. సరిగ్గా అక్కడే మీ గది ఎత్తుతుంది. కొన్నది చిన్నదే అయినా వినేది అంత చిన్నగా ఉండదు.

గుంటూరు టు ఎడిసన్

వీణ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల రివ్యూలు చూసి కొనేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఇక్కడ న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్ గోడలు చెక్క ఫ్రేము మీద జిప్సమ్ బోర్డు. వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. బేస్ వచ్చినప్పుడు ఆ బోర్డు కాస్త ఊగి కొంత శక్తిని తినేస్తుంది, ఇంకొంత పక్కింటికి పోతుంది (పక్కింటాయన గోడ మీద కొట్టి చెప్తాడు కూడా). గుంటూరులో మా నాన్నగారి ఇల్లు తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన స్లాబ్, కింద బండలు. అక్కడ బేస్ ఎక్కడికీ పోదు, గదిలోనే తిరుగుతుంది. వాళ్లు "బేస్ సరిపోలేదు" అన్న స్పీకరు మన ఇళ్లలో సరిపోతుంది. వాళ్లు "నిండుగా ఉంది" అంటే మనకి ఎక్కువవుతుందేమోనని అనుమానించాలి.

చిన్న గదికి చిన్న స్పీకరు అనేది రాజీ కాదు. 1970లలో బీబీసీ ఇంజినీర్లు ఎల్‌ఎస్3/5ఎ అనే స్పీకర్ చేసుకున్నది, పెద్ద మానిటర్ స్పీకర్లు పట్టని ఔట్‌డోర్ ప్రసారాల వ్యాన్ల కోసమూ, ఇరుకు కంట్రోల్ రూముల కోసమూ. ఎత్తు అడుగు, వెడల్పు ఏడున్నర అంగుళాలు, పోర్టు (గాలి ఆడే రంధ్రం) లేని, అన్ని వైపులా మూసిన పెట్టె. లోతైన బేస్ లేదు. 100 హెర్ట్జ్ పైన కొద్దిగా ఎత్తి ఉంచడం వల్ల ఆ లోటు అంతగా తెలియదు. మనిషి గొంతు విషయంలో దానికున్న పేరు ఇప్పటికీ పోలేదు.

ఖమ్మం టవర్

అందరూ కలిసి ఆయన్ని భయపెడుతున్నారు! నా గది 12 బై 14. పదేళ్లుగా టవర్లే వింటున్నాను. నాదస్వరం, డోలు పెడితే పందిట్లో కూర్చున్నట్టే ఉంటుంది. ఆ నిండుతనం బుక్‌షెల్ఫ్‌కి ఎక్కడిది? గొంతులు స్పష్టంగా ఉంటే సరిపోదు కదా, ఒళ్లు జలదరించాలి. పైగా స్టాండ్ల ఖర్చు కూడా తప్పుతుంది. మోత ఎక్కువైతే పోర్టులో గుడ్డ కుక్కండి, అంతే.

వాల్తేరు వీణ

టవర్ గారూ, మీ గదికి పైకప్పు ఏమిటి?

ఖమ్మం టవర్

పెంకులు. మంగుళూరు పెంకులు, కింద చెక్క వాసాలు. మా తాతగారు కట్టించిన ఇల్లు. ఎందుకు?

వాల్తేరు వీణ

అందుకే. మీ బేస్‌లో సగం పెంకుల సందుల్లోంచి ఊళ్లోకి పోతోంది. మీకు గదిలో మిగిలేది సరిపడా ఉంటోంది. ఆయనకి పైన స్లాబు, దాని మీద ఇంకో ఫ్లాటు.

ఖమ్మం టవర్

అయితే నా గది బాగుందని ఒప్పుకున్నట్టేగా. నేను మాత్రం టవరే అంటాను.

కోఠి సోల్డర్

అన్నా, నేను రిపేర్లు చేస్తుంటా కాబట్టి చాలామంది ఇళ్లల్లో చూసిందే చెప్తున్నా. మంచి స్పీకర్లు తెచ్చి టీవీ యూనిట్ మీద మూలకి నెట్టేస్తారు, సోఫా వెనక గోడకి ఆనించేస్తారు. ఈ రెండూ బేస్‌ని పెంచేవే. గోడ దగ్గర, మూల దగ్గర పీడనం ఎక్కువ. తల గోడకి ఆనించి కూర్చున్నవాడికి మోత తప్ప ఇంకేం వినబడదు. తర్వాత "స్పీకర్ బాలేదు, మార్చాలి" అని ఫోన్ చేస్తారు. కుర్చీ రెండడుగులు ముందుకి జరిపి చూడు అంటే నమ్మరు. జరిపాక మళ్లీ ఫోన్ రాదు.

మీ గదికి నేనైతే ఇట్లా పెడతా. పది అడుగుల గోడ ముందు స్పీకర్లు, పదకొండు అడుగుల పొడవు మీ వైపు. కుర్చీ వెనక గోడకి నాలుగు అడుగుల దూరంలో. నట్టనడుమ కూర్చోవద్దు, అక్కడ 51 హెర్ట్జ్ పూర్తిగా మాయమవుతుంది. స్పీకర్ల మధ్య ఐదడుగులు, అక్కడి నుంచి మీ తలకి ఐదారడుగులు. కొద్దిగా మీ వైపు తిప్పండి.

సరిగ్గా కుదిరిందా లేదా తెలియాలంటే ఘంటసాల పాత పాట ఏదైనా మోనో రికార్డింగ్ (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వచ్చేది) పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల నడుమ, గాల్లో, ఒక్క చోట నిలబడాలి. వార్డ్‌రోబ్ వైపు లాగుతుంటే ఆ చెక్క తలుపుల నుంచి శబ్దం తిరిగొస్తున్నట్టు లెక్క. అటువైపు స్పీకర్‌ని ఇంకో నాలుగు వేళ్లు లోపలికి తిప్పండి.

మియాపూర్ శ్రోత

చాలా థాంక్స్ అన్నా. గోడకి ఎంత దూరం పెట్టాలి? వెనక పోర్టు ఉన్నవి అసలు వద్దంటున్నారు కొందరు. ముందు పోర్టు ఉంటే గోడకి ఆనించొచ్చా? ఇంకో సంగతి, నేను కుర్చీ వాడను, కింద పరుపు మీద కూర్చునే వింటాను.

వాల్తేరు వీణ

పోర్టు ముందున్నా వెనకున్నా బేస్ అన్ని వైపులకీ పాకుతుంది, కాబట్టి గోడ ఇచ్చే ఎత్తు రెండిటికీ ఒకటే. వెనక పోర్టుకి ఊపిరాడటానికి నాలుగైదు అంగుళాల చోటు కావాలి, అంతే తేడా. గోడ దగ్గరగా పెట్టక తప్పకపోతే పోర్టుకి బిరడా పెట్టేయొచ్చు. క్యూ అకౌస్టిక్స్ 3020ఐ లాంటి వాటికి ఫోమ్ బిరడాలు డబ్బాలోనే ఇస్తారు. వూఫర్ 125 మి.మీ., సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో ఆ లెక్క) 88 డెసిబెల్స్, మీ 40 వాట్లకి అది చాలా తేలిక. కెఫ్ ఎల్‌ఎస్50 అంటే నాకు ప్రాణం, కంపెనీ యాభై ఏళ్ల సందర్భంగా 2012లో తెచ్చింది. కానీ అది మీ బడ్జెట్ దాటుతుంది, 85 డెసిబెల్సే కాబట్టి ఆంప్ కూడా గట్టిది అడుగుతుంది.

దూరం సంగతి కాస్త ఓపిగ్గా చదవండి, చిన్న గదిలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం కొన్నిచోట్ల అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. స్పీకర్ ముందు ముఖానికీ గోడకీ రెండడుగులుంటే ఆ గుంట 140 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మగ గాయకుడి గొంతులో గంభీరం ఉండేది అక్కడే, అది పోతే ఎంతటి విద్వాంసుడైనా జలుబు చేసినట్టు పాడతాడు. అడుగు దూరానికి తెస్తే గుంట 280కి జరుగుతుంది. అక్కడ నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి నార) ప్యానెల్ దాన్ని పట్టేయగలదు, 140 అయితే పట్టలేదు. అందుకే చిన్న గదిలో "గోడకి దూరంగా జరపండి" అనే సలహా ప్రతిసారీ పనిచేయదు. మూడు నాలుగు అడుగులు జరిపే చోటుంటే వేరే సంగతి.

కింద కూర్చుంటే చెవి ఎత్తు ముప్పై అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) అదే ఎత్తులోకి రావాలి. బజార్లో దొరికే 24 అంగుళాల స్టాండ్లు మీకు ఎక్కువైపోతాయి.

కోఠి సోల్డర్

స్టాండ్లకి షోరూమ్ రేట్లు పెట్టకండి అన్నా. వెల్డింగ్ షాపులో చతురస్రం పైపు కోయించి, కింద కడప బండ ముక్క బిగించుకుంటే కదలమన్నా కదలదు. పైపులో పొడి ఇసుక పోయండి, బాగా ఎండబెట్టి పోయండి, తడి ఉంటే తుప్పు పడుతుంది. పైన ప్లేటుకి, స్పీకర్‌కి మధ్య రబ్బరు ముక్కలు నాలుగు. మీకు 18 అంగుళాలు చాలు.

పిఠాపురం వాసి

ప్యానెళ్ల దగ్గరికి వచ్చారు కాబట్టి చెప్తున్నాను. కోడిగుడ్ల అట్టలు, అంగుళం ఫోమ్ గోడంతా అంటించొద్దు. అవి పై శబ్దాలనే తింటాయి. బేస్ అలాగే ఉండి, గొంతు ముసుగేసినట్టు అవుతుంది, అంటే ముందుకన్నా మోత ఎక్కువగా అనిపిస్తుంది. 56 హెర్ట్జ్ తరంగం నాలుగో వంతే ఐదడుగులు, దానికి అంగుళం ఫోమ్ ఏమడ్డు?

నేను చేసింది ఇదీ. అటక మీద అమ్మమ్మ నాటి బూరుగు దూది పరుపులు రెండున్నాయి. చుట్టేసి, పాత చీర కట్టి, స్పీకర్ల వెనక మూలల్లో నిలబెట్టాను. 50 దగ్గర అవి పెద్దగా చేసేదేమీ లేదు. 100 పైన మాత్రం తేడా తెలిసింది, మృదంగం తొప్పి (బరువుగా మోగే వైపు) దెబ్బ సాగకుండా పడి ఆగుతోంది. నేల మీద వరంగల్ జంపఖానా ఒకటి మడతపెట్టి స్పీకర్లకీ నాకూ మధ్య వేశాను. చప్పట్లు కొడితే టైల్స్ మీద ఇదివరకు వచ్చే 'టంగ్' పోయింది. ఇంట్లో వాళ్లు చూసి "గోదాములా ఉంది" అన్నారు, అది నిజమే.

ప్యానెళ్లు చేయించుకుంటే వడ్రంగికి చెప్పి చెక్క ఫ్రేములో రాక్‌వూల్ పెట్టించి, గాలి ఆడే బట్ట బిగించాలి. పని జరిగేటప్పుడు మాస్కు, పొడుగు చేతులు తప్పనిసరి, ఒళ్లంతా దురద.

గుంటూరు టు ఎడిసన్

ఆ 56 దగ్గర మిగిలేదానికి ఈక్వలైజర్ (కావలసిన చోట శబ్దాన్ని పెంచి దించేది) తప్ప దారి లేదు. యూమిక్-1 అని యూఎస్‌బీ కొలత మైక్ ఉంది, రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచిత సాఫ్ట్‌వేర్. లాప్‌టాప్‌లో ఎత్తు ఎక్కడుందో గీత రూపంలో కనబడుతుంది. ఎత్తుగా ఉన్నచోట దించండి, గుంటగా ఉన్నచోట మాత్రం పెంచొద్దు. గుంటలో ఎంత పోసినా గోడ మళ్లీ కొట్టేస్తుంది, వూఫర్‌కి శ్రమ తప్ప ఫలితం ఉండదు.

ఖమ్మం టవర్

పాట వినడానికి మైకులు, గ్రాఫులు! సీలింగ్ ఫ్యాన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మూడు మీద తిరుగుతుంటే తంబూరా శ్రుతి ఫ్యాన్ పాలు. తలుపులు మూసి ఫ్యాన్ ఆపితే మే నెలలో పల్లవి దాకా కూడా ఉండలేం. నేనైతే తెల్లారగట్ల వింటాను. ఇన్వర్టర్ కూడా చూసుకోండి, స్క్వేర్ వేవ్ అయితే కరెంటు పోగానే ఆంప్‌లో జుంయ్ మంటుంది. సైన్ వేవ్ ఉండాలి.

కోఠి సోల్డర్

ఈ మాట మాత్రం వందకి వంద కరెక్ట్.

మియాపూర్ శ్రోత

అప్‌డేట్ ఇస్తున్నాను. 3020ఐ జత సెకండ్ హ్యాండ్‌లో మంచి కండిషన్‌లో దొరికింది. స్టాండ్లు వెల్డింగ్ షాపువే, కడప బండతో సహా. ముఖం నుంచి గోడకి పదిహేను అంగుళాలు, బిరడాలు పెట్టాను. బిరడాలు లేకుండా నాలుగు రోజులు విన్నాను, వీణలో మంద్ర స్థాయి తీగలు ఒకదాని మీదొకటి పడుతున్నట్టుండేది. పెట్టాక ఏ మీటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. గాత్రం అయితే మాటల్లేవు, ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. టవర్ గారూ, మీరన్న జలదరింపు మాత్రం తక్కువే, కాదనను. డప్పు పాటలు పెడితే షోరూమ్ గుర్తొస్తోంది.

ఇళయరాజాకి 56 దగ్గర 6 డెసిబెల్స్ దించాక బేస్ గిటార్ నడక మొత్తం ఒకే మట్టంలో వస్తోంది. మైక్ ఆఫీసులో ఒకాయన దగ్గర అరువు తెచ్చాను.

ఒక్క సమస్య మిగిలింది. వార్డ్‌రోబ్ తలుపు ఒకటి కొన్ని స్వరాలకి కీచుమని వణుకుతోంది. ఏ తలుపో పట్టుకోలేకపోతున్నాను.

కోఠి సోల్డర్

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని ఆంప్‌కి కలిపి, 40 నుంచి 200 దాకా మెల్లగా జరపండి. వణికినచోట ఆపి ఒక్కో తలుపు మీద అరచెయ్యి ఆనించండి. చెయ్యి పెట్టగానే ఏది నోరు మూస్తే అదే దొంగ. హార్డ్‌వేర్ షాపులో కుర్చీ కాళ్లకి అంటించే ఫెల్ట్ ముక్కలు దొరుకుతాయి, తలుపు ఆనే అంచున రెండు అంటిస్తే సరి.

పిఠాపురం వాసి

లేదా వినేటప్పుడు ఆ తలుపులు బార్లా తెరిచి ఉంచండి. లోపల దుప్పట్లు, శీతాకాలం బట్టలు ఉంటే అవీ కాస్త శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఇస్త్రీ చొక్కాల అరకి మాత్రం అంత బలం ఉండదు.

ఖమ్మం టవర్

నా టవర్లు అక్కడ పెట్టి ఉంటే ఈపాటికి తలుపులు వాటంతటవే తెరుచుకునేవి.