నల్గొండ ఎండలకు నా ఫిగర్లు (జపాన్ పాత్రల ప్లాస్టిక్ బొమ్మలు) జిగురు పడుతున్నాయి, ఏం చేయాలి?

మాది నల్గొండ. నా బెడ్‌రూంలో అద్దాల అల్మారా ఫొటో పెట్టాను, చూడండి. పై అరలో నెండొరాయిడ్లు, అంటే పెద్ద తలల బుల్లి ఫిగర్లు, మధ్యలో జపాన్ వర్చువల్ గాయని హట్సునే మికు ఫిగర్, కింద జపాన్ నుంచి తెప్పించుకున్న పీఎస్2, పీఎస్3 (ప్లేస్టేషన్) గేమ్ డిస్కులు. మికు అంటే నాకు ప్రాణం. జడల కొసలు పారదర్శకంగా పోశారు, వెనక లైటు పెడితే వెలుగు వాటిలోంచి దిగుతుంది. మా డాబా ఇల్లు మే నెలలో పెనంలా కాగుతుంది. ఇప్పుడు జడ ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది, దుమ్ము కూడా వదలట్లేదు. మీరెవరైనా శుభ్రం చేశారా?

పాలమూరు గేమర్: కలెక్షన్ అదిరింది అన్నా! ఆ జిగురు పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, వేడికి పైకి తేలుతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, మెత్తని బ్రష్‌తో కడిగి నీడలో ఆరబెట్టు. థిన్నర్ మాత్రం వద్దు, పెయింట్ పోతుంది. అల్మారా తలుపులు రోజూ కాసేపు తెరిచి ఉంచు, గాలి ఆడాలి. నేరుగా ఎండ పడితే రంగు కూడా వెలుస్తుంది, కిటికీకి మందం పరదా వెయ్యి.

సూర్యాపేట నుంచి: అన్నా, జపాన్ పీఎస్2 డిస్కులు ఇక్కడి మెషీన్‌లో ఆడవు కదా?

నల్గొండ: ఆడవు తమ్ముడూ, రీజియన్ లాక్ ఉంది, అంటే ఒక ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం మెషీన్‌లోనే ఆడుతుంది. అందుకే మెషీన్ కూడా జపాన్‌దే తీసుకున్నా. పాత లావు మోడల్, 100 వోల్టులది. మన 230 నేరుగా ఇస్తే కాలిపోతుంది, మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పీఎస్3 గేములకైతే దాదాపు ఈ రీజియన్ లాక్ బాధ లేదు.

పాలమూరు తమ్ముడూ, థాంక్స్. ఆదివారం ముందు చిన్న నెండొరాయిడ్ కడిగి చూసి, తర్వాతే మికు జోలికి వెళ్తా.