"మీ ఊరంటే మాకు ప్రాణం": స్టేజీ మీద చెప్పే ఈ మాట నిజమేనా?

పక్కసీటు:
మొన్న శిల్పకళావేదికలో ఒక గాయకుడి షోకి వెళ్లాం. రెండో పాట అవ్వగానే "హైదరాబాద్ లాంటి ఆడియన్స్ ఇంకెక్కడా లేరు" అన్నారు. పోయిన నెల విజయవాడలో ఇదే మాట అన్న వీడియో మా తమ్ముడు పంపాడు! వాయించేవాళ్లు, పాడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఊరి మీద, హాలు మీద నిజంగా ప్రేమ ఉంటుందా?

తొప్పిరవ్వ:
ఇరవై రెండేళ్లుగా మృదంగం వాయిస్తున్నాను. మైకులో మాట పెళ్లిలో పన్నీరు లాంటిదండీ, వచ్చినవాళ్లందరి మీదా పడుతుంది. ప్రేమ వేరే. నాకది చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మీద. రవీంద్రభారతి పెద్దది, 1961 నాటిది, అక్కడ వాయించాక మా అత్తగారింట్లో మర్యాద పెరిగింది కూడా. కానీ లైట్ల వెలుగులో ఎదుటివాళ్ల మొహాలు కనపడవు. (ఫంక్షన్ హాళ్ల సంగతి ఎత్తకండి. ఒకచోట ఏసీ దెబ్బకి తొప్పికి, అంటే మృదంగం ఎడమవైపుకి, పెట్టిన రవ్వ ముద్ద ఎండి ఊడి ఒళ్లో పడింది.)

గానసభలో ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చునేవారు. ఒళ్లో గొడుగు, తొడ మీద తాళం. ఒకసారి మిశ్రచాపు అనే ఏడక్షరాల తాళంలో తని (పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే ఘట్టం) వాయిస్తూ, దాన్ని ముగించే ముక్తాయింపు అర అక్షరం ముందే దించేశాను. గాయని సర్దేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యి మాత్రం గాల్లోనే ఆగిపోయింది. తర్వాత గేటు దగ్గర పట్టుకుని "ఏం నాయనా, బస్సు టైమయిందా?" అన్నారు. అప్పట్నుంచీ ఆయన కోసమే వాయించాను. నాలుగేళ్లుగా రావట్లేదు.

అంబర్‌పేట బాబాయ్:
హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్రాజ్ గారి విషయంలో ఊరి మీద ప్రేమ ఉత్తమాట కాదు. వాళ్ల నాన్నగారు మోతీరామ్ గారు 1934లో ఇక్కడే పోయారు, నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియామకం జరగాల్సిన రోజునే. అప్పటికి ఈయనకి నాలుగేళ్లు. మోతీరామ్ గారి సమాధి మా అంబర్‌పేటలోనే ఉంది. ఎంత పేరొచ్చినా, తండ్రి పేరుమీద దశాబ్దాల పాటు నవంబరు చివర్లో వచ్చి ఇక్కడ పాడేవారు. ఆ కచేరీలకి టికెట్ ఉండేది కాదు.

పక్కసీటు:
బాబాయ్ గారూ, ఇది తెలీదు. తొప్పిరవ్వ గారూ, ఆ పెద్దాయన కుర్చీ ఎటువైపు? ఈసారి నేను కూర్చుంటా.

తొప్పిరవ్వ:
ఎడమవైపు చివర్న. తాళం రాకపోతే మాత్రం చేతులు కట్టుకుని కూర్చోండి బాబూ, నాకు టెన్షన్.