సమస్య: రంగు మారకుండ రంగు మారె

నిర్వాహకుడు: మా ముందుగది గోడలకు వేసే రంగుల ఎంపికలో చివరికి రెండు లేతపచ్చలు మిగిలాయి. ఒకటి పసుపు వైపు మొగ్గే పిస్తా, ఇంకొకటి కాస్త నీలం కలిసినది. ఇంట్లో వాదన తెగలేదు గానీ పై పాదం దొరికింది. పొసగనట్టున్న ఆ మాట పొసిగేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) రం–రం. ఊసరవెల్లిని తెచ్చే పూరణలు దయచేసి వద్దు.

పూరణ 1 (తెనాలి సోదరి)

పగటి వెలుగులోనఁ బచ్చని పిస్తాయె
పసుపు బల్బు వేయఁ బసుపు మించె
గోడ మారలేదు, కొత్త దీపమ్ముతో
రంగు మారకుండ రంగు మారె

నిర్వాహకుడు: అమ్మా, విరోధం హాయిగా తీరింది. పసుపు వెలుగిచ్చే 2700 కెల్విన్ల బల్బులో నీలం పాలు తక్కువ, పసుపూ ఎరుపూ ఎక్కువ. గోడ తిప్పి పంపేదీ ఆ వెలుగునే కదా. ‘పిస్తాయె’ మాత్రం ఒప్పదు. అక్కడ సంధి లేదు, యడాగమం (రెండు అచ్చుల నడుమ ‘య’) వచ్చి ‘పిస్తాయాయె’ అవుతుంది, గణం పోతుంది. ‘పచ్చగఁ గనుపించె’ అంటే సరి.

తెనాలి సోదరి: సవరించానండి. పిస్తా పోయిందనే బాధ!

పూరణ 2 (వరంగల్ మాస్టారు)

తడిగ నున్న నాఁడు తల యూపితిని గాని
ఆరినంత చిక్కనయ్యె గోడ
మేస్త్రి నడుగ నవ్వి మెల్లగాఁ బలికెను
రంగు మారకుండ రంగు మారె

రాజమండ్రి తమ్ముడు: సమస్యను ఇంకొకరి నోట పెట్టడం పాత ఉపాయమే కదా మాస్టారూ?

నిర్వాహకుడు: పాతదే. అయినా రెండో పాదంలోనే కారణం వచ్చేసింది. ఎమల్షన్‌లో రంగుపొడిని పట్టి ఉంచే బైండరు తడిమీద పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే పారదర్శకమవుతుంది, అందుకే గోడ చిక్కబడుతుంది. ‘ఆ’కు ‘అయ్యె’లోని ‘అ’తో స్వరయతి (అచ్చుకు అచ్చు కుదిరే యతి) కూడా బాగా కుదిరింది. ‘మెల్లగా’ ఒక్కటే పాదం నింపడానికి వచ్చింది. మెల్లగా మాట్లాడే మేస్త్రిని నేనింతవరకు చూడలేదు.

పూరణ 3 (రాజమండ్రి తమ్ముడు)

కార్డుపైన రెండు కవలలట్టుల నుండె
గోడ కెక్క నొకటి కొంత నీలి
ఎర్ర గచ్చు నీడ యెదుటి గోడకుఁ దాక
రంగు మారకుండ రంగు మారె

వరంగల్ మాస్టారు: గణయతులు శుద్ధం. కానీ రంగుల కార్డుమీది కవలలతో మొదలుపెట్టి గచ్చు దగ్గర తేలావు నాయనా, రెండోది ఏమైంది?

తెనాలి సోదరి: ఇంతకీ ఏది వేస్తున్నారు?

నిర్వాహకుడు: రెండింటినీ పెద్ద అట్టముక్కలకు రెండేసి కోట్లు వేసి ఆరనిచ్చాం. పగలు రెండూ బాగున్నాయి. రాత్రి మా పసుపు బల్బు కింద పిస్తా మజ్జిగపులుసైంది, నీలం కలిసినది పచ్చగానే నిలిచింది. అదే ఖాయం. పూరణలు ఇంకా రానివ్వండి, డబ్బా తెరిచేది ఆదివారం.